కుడికాలి బనియన్

బనియన్, అన్నాడు డాక్టరు.
నాకు నవ్వొచ్చింది.
పదకొండేళ్ళుగా మనామాలో మిషను తొక్కుతున్నా,
జలాబియాలు కుట్టినా, దరాలు కుట్టినా,
బనియన్ మాత్రం ఎప్పుడూ కుట్టలేదు డాక్టర్,
అన్నాను వచ్చీరాని అరబ్బీలో.
ఈజిప్టాయన. ఆయన నవ్వలేదు.

బొటనవేలి మొదట్లో ఎముక
చింతపిక్కంత ఉండేది, ఉసిరికాయంత అయింది.
వేలేమో పక్కవేలి మీదికి ఒరిగి
పగలంతా చాడీలు చెబుతుంటుంది.
రాత్రి అవన్నీ వినాల్సింది నేనే.

ఎక్స్‌రే మీద రెండు గీతలు గీసి
ముప్ఫై నాలుగు డిగ్రీలన్నాడు.
ఎముక కోసి, జరిపి, రెండు మరలు బిగిస్తాడట.
ఆ గీతల శుభ్రం చూస్తే ముచ్చటేసింది,
డార్టు నేనూ అట్లాగే గీస్తా.
కానీ నాకు పని నేర్పిన ఖాసింసాబు
నెత్తిన మొట్టి మరీ చెప్పిన మాటొకటుంది:
ఒళ్ళు పెరిగితే కుట్టు విప్పాల,
ఒళ్ళు కొయ్యకూడదు.

ఆ మాట పట్టుకునే మూడేళ్ళు నెట్టుకొచ్చా.
బూటు పక్కన కత్తెర పెట్టి
రవిక చంకలో అతుకేసినట్టు
మెత్తటి గుడ్డ అతుకేసుకున్నా.
ఉమ్ జాసిం చూసి, బూటుకు జేబు కుట్టావే, అంది.
అని, ఇంకో పన్నెండు దరాల కొలతలిచ్చింది.

పెడలు కుడికాలిది.
ఒక వారం ఎడమకాలికి నేర్పి చూశా.
దానికి తొక్కడం వచ్చు, ఆపడం రాదు.
సూది పెళ్ళికూతురి చేతిపట్టీ దాటి
నా చూపుడువేలి గోరు దాకా వచ్చింది.

ఆరు వారాలు కాలు నేలకి ఆనకూడదట.
నా గది మూడో అంతస్తు.
లిఫ్టు ఉంది, అలంకారానికి.
ఆరు వారాలంటే రంజాను ముందరి పనంతా,
అంటే సగం సంవత్సరం.
బీమా కాగితంలో రెండు గళ్ళు:
అందం కోసమా, నొప్పి కోసమా.
అందం!
నా పాదాన్ని చూసేదెవరు,
పెడలూ జానమాజూ తప్ప.

సజ్దాలో వేళ్ళన్నీ ఖిబ్లా వైపు మడవాల.
తొమ్మిది మడుస్తా.
పదోది సముద్రం వైపు చూస్తుంటుంది.
దాని మొక్కు ఏదో దానికుంది.

గదిలో గున్నమ్మ, టెక్కలి మనిషి,
కోయించుకోకు పిల్లా, అంటుంది.
వాళ్ళ మేడం కోయించుకుంటే
నాలుగేళ్ళకి వేలు మళ్ళీ పాత దారే పట్టిందట.
అన్నాక కాసేపాగి,
నాలుగేళ్ళయితే బాగానే నడిచింది లే, అంది.

నిన్న రాత్రి రాయచోటికి ఫోను.
తస్లీమా, ఫోను కాలి దగ్గర పెట్టు.
ఎందుకుమా?
పెట్టు.
పదమూడేళ్ళ పాదం, గోళ్ళకి పాత గోరింటాకు.
బొటనవేలు నిటారుగానే ఉంది.
కాస్త,
కాస్తే, పక్కకు పోయిందా,
లేక పిల్ల ఫోను వంకరగా పట్టుకుందా.
ఇంకోసారి చూపించమంటే విసుక్కుంది.

మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, అని అడిగాడు డాక్టరు.
మా అమ్మకు ఉండేది.
బూటు కాదుగదా చెప్పు కూడా ఎరగని కాలది.
బూటుదేమీ తప్పు లేదు,
ఉత్తపుణ్యానికి కోశాను దాన్ని.

ఖరీదైన బట్ట చేతికొస్తే
ముందు పాతగుడ్డ మీద కోసి చూస్తాం.
ఎక్కడ లాగుతుందో, ఎక్కడ లూజో,
విప్పితే కుట్టు మచ్చ పడుతుందో లేదో.
పాతగుడ్డని ఎవరూ అడగరు.
అడిగితే అది ఏమనేదో
ఇన్నేళ్ళలో ఎప్పుడూ నాకు తట్టలేదు.

డాక్టరిచ్చిన చీటీ సూదుల డబ్బాలో ఉంది.
ఉమ్ జాసింకి ఇంకా చెప్పలేదు.
షట్టరు దించాక, బూటు విప్పి,
సుద్దముక్కతో పాదం మీద గీశా,
ఎక్స్‌రేలో ఆయన గీసిన చోటే,
వేలు ఎట్లా ఉండాలో అట్లా.
చేతికి అలవాటైన గీత, ఒక్క విసురుకే వచ్చింది.

ఇషా వజూకి నీళ్ళు పోసుకుంటే చెరిగిపోయింది.
నమాజయ్యాక
కాలు తుడుచుకుని
మళ్ళీ గీశా.